చిప్ నుంచి దించుకున్న జవాబు

మంగళవారం, కల్వకుర్తి

సాయంత్రం నాలుగూ పదికి నా మేనకోడలు స్వరూప చిప్‌ల తనిఖీకి రాసిన పరీక్షే తప్పని తేలింది. గ్రాఫిక్స్ చిప్‌ రిజిస్టర్లలో, అంటే అంకెలు దాచే చిన్న గదుల్లో, అంకెలు వేసి, వాటిని కలిపించి, జవాబు సరిచూసేందుకు చిప్‌కు నేరుగా ఆదేశాలిచ్చే అసెంబ్లీ కోడ్ అది. సరైన జవాబును తను లెక్కగట్టలేదు. చిప్ ఇచ్చినదాన్నే రాసుకుంది. అందుకే మూడు నెలలుగా అన్నీ పాస్. ఇవాళ కాగితం మీద లెక్క వేస్తే, చిప్ చేసే కూడికే తప్పు.

"ఇంకో చిప్ మీద చూసినవా బిడ్డా?"

"చూసిన మామా. గదే తప్పు. గివి దవాఖానల స్కానింగ్ మిషన్లకు పోతయి. మా సార్‌కు చెప్తే, నోరు మూసుకో, నౌకరి పోతదన్నడు. మీ పేపరోళ్లు తప్పు రాస్తే తెల్లారి సవరణ వేస్తరు. మాకేడిది?"

తను అన్నం ముట్టలేదు...

రేపు పదింటికి చిప్‌లన్నీ సరిగ్గా ఉన్నాయని స్వరూప సంతకం పెట్టాలి. పదకొండుకు సరుకు బయల్దేరుతుంది.