కుప్పం స్టేషన్ బొమ్మ

రెడ్డెప్పా,

నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాది. మదనపల్లెలో మనం రాసిన అంగడి బోర్డులన్నీ తీసేసి ఫ్లెక్సీలు కట్టేసినారు. నా బ్రష్షులు ఎండిపోయినాయి. నాకూ ఓపిక లేదు.

నువ్వేసిన కుప్పం స్టేషన్ బొమ్మను జర్మనీలో ఎగ్జిబిషన్లో పెట్టినారు. మనలాగే దేవుళ్ళనూ లీడర్లనూ వదిలేసి, టౌన్లో బతికే మనుషుల్ని ఉండేది ఉన్నట్టు ఏసేవాళ్ళు చానా దేశాల్లో ఉండారంట. అందరి బొమ్మలూ కలిపి పుస్తకం అచ్చేసి, నాకొకటి పంపినారు.

నాకు సంతోషం కాలేదప్పా. బొమ్మలో ఉండే మనిషి సూసినాకనే బయటోళ్ళు సూడాలని రూలు పెట్టింది నువ్వే. ఆ బొమ్మలో తెగిన చెప్పుతో బెంగళూరు రైలు కోసం కూర్చోనుండే ఆయమ్మకు సూపించకముందే నువ్వు కన్నుమూస్తివి. జర్మనీకి పంపాలని బెంగళూరు గ్యాలరీవాళ్ళు అడిగిన తొందరలో నేను ఆ మాటే మరిచిపోయి బొమ్మను ఇచ్చేస్తిని.

అందుకే నిన్న పుస్తకం ఎత్తుకోని, పుంగనూరు మీదుగా కుప్పం పోయినాను. ఆయమ్మ ఇంకా అదే రైలుకు కూలికి పోతాండాది. పేజీ తెరిచి సూపిస్తే చానాసేపు సూసింది.

"నేనింత అలిసిపోయి ఉంటినా?" అనింది. బొమ్మలో చెప్పు మీద వేలు పెట్టి, "ఈ పిన్నీసు బొమ్మేసిన ఆయప్పే ఇచ్చినాడు. ఆయప్ప యాల రాలేదు?" అని అడిగింది.

అంతలో రైలొచ్చింది.

"ఈసారి రమ్మని చెప్పప్పా. మంచి చీర కట్టుకోని కూర్చుంటా."

చెప్తానమ్మా అన్నాను. అందుకే ఈ ఉత్తరం.