రెండు నంబర్లు ఎక్కువ

నవంబర్ 19

నల్ల బూట్లు లేని పిల్లల్ని ఫిబ్రవరిలో బడి తెరిచాక గేటు దాటనివ్వరు. అందుకని రాజధాని తెగుసిగల్పాలోని సంస్థ ఒకటి ఈసారి మా కొండకి ఎనభై జతలు ఇస్తోంది. పాదాలు కొలిచి లిస్టు పంపాలి. పై వాడ నాకు, కింది వాడ ఇవెత్‌కి. ఎవరి పని బాగుంటే వాళ్లకి టౌన్ ఆఫీసులో ఉద్యోగం. ఒక్కటే ఉద్యోగం.

నాది సోషల్ వర్క్ డిగ్రీ. ఇవెత్ ఆరో క్లాసుతో ఆపేసి కొట్లో బీన్స్ అమ్ముతుంది. అయినా సంస్థ మేడమ్ మొదట దాని పేరు చదివి, తర్వాత నాది చదివింది.

నవంబర్ 22

కాఫీ కోత నుంచి వచ్చిన పిల్లల్ని వరసగా అట్టముక్కల మీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిల్‌తో గీశాను. స్కేలు పెట్టి మిల్లీమీటరు దాకా చూశాను. పై వాడ ఎర్మెలిందా వచ్చి, మా చిన్నది కెయిడీకి రెండు నంబర్లు పెంచి రాయమ్మా, వచ్చే ఏడు కూడా ఇవే కదా తొడగాలి, అని బతిమాలింది. వదులు బూట్లు పాదాన్ని పాడుచేస్తాయని లెక్చర్ ఇచ్చాను. సర్లే డిగ్రీ అమ్మగారూ, మా కాళ్ల సంగతి మాకేం తెలుస్తుంది, అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

నవంబర్ 23

కింది వాడలో ఇవెత్‌కి ప్రతి ఇంట్లోనూ వేడి వేడి మొక్కజొన్న రొట్టెలు, టోర్తియాలట. నాకు మంచినీళ్లు ఇచ్చారు.

నవంబర్ 27

ఇవెత్‌కి టైపింగ్ రాదు కాబట్టి రెండు లిస్టులూ నేనే ఎక్కించాలి. దాని అట్టలు కొలిచి చూశాను. అందరికీ రెండు నంబర్లు ఎక్కువ రాసింది. తల్లులు అడిగితే కాదనలేకపోయిందన్నమాట. మేడమ్ ముందు నలభై మంది పడవల్లాంటి బూట్లతో టపటపా నడుస్తారు.

చెప్పొచ్చు. దాని కొట్టు ఇక్కడికి పది అడుగులు.

చెప్పలేదు. పంపేశాను.

జనవరి 31, మధ్యాహ్నం

పంపిణీ అయింది. కింది వాడ బూట్లు నేననుకున్నట్టే వదులు. కానీ తల్లులు సంచుల్లో మొక్కజొన్న పొత్తుల పొరలు తెచ్చుకున్నారు! బూటు మొనల్లో కుక్కి, లేసులు బిగించి, నడువే మహారాణీ అని పిల్లల్ని ముందుకు తోశారు. మేడమ్ మొహం చిట్లించి, ఈ కొలతలు ఎవరివి అని అడిగింది.

నా వైపు ఒక్క కంప్లయింట్ లేదు. సరిపోయాయా అంటే అందరూ సరిపోయాయనే అన్నారు. మేడమ్ నా భుజం తట్టింది. ఇవెత్ చూసిందా అని తిరిగి చూశాను. అది కెయిడీ కాళ్ల వంక చూస్తోంది.

ఫిబ్రవరి 5

బడి తెరిచి రెండో రోజు. పై వాడ పిల్లలు బూట్లు చేత్తో పట్టుకుని దిగుతున్నారు. బురద అంటకుండా కాబోలు.

ఫిబ్రవరి 7

బురద కాదు. కెయిడీ మడమలు పచ్చిపుండ్లు. నేను కొలిచింది వట్టి కాళ్లని, అదీ నవంబర్‌లో. బడికి దళసరి మేజోళ్లు వేసుకోవాలి. పిల్లలు పెరుగుతారు. వేళ్లకి కాస్త చోటు వదలాలి. ఇది ఎర్మెలిందా చెప్పనే చెప్పింది.

మరి సరిపోయాయని ఎందుకన్నారని అరిచాను, సిగ్గు లేకుండా. కిందటిసారి మా పెద్దది బిగుతుగా ఉన్నాయంది తల్లీ, ఇచ్చినవాళ్లు మార్చి తెస్తామని ఆ జత పట్టుకుపోయారు, మళ్లీ తెస్తే ఒట్టు, అది ఇప్పుడు బడి మానేసి కాఫీ కోస్తోంది, అంది ఎర్మెలిందా.

ఫిబ్రవరి 8, ఉదయం 6

బాటలో ఇవెత్ ఎదురైంది, వీపున గోతం. కింది వాడ పెద్ద జతలు పైకి మోస్తోంది, పై వాడ బిగుతు జతలు కింద చిన్న పాదాలకి. నిన్న సాయంత్రం మొదలుపెట్టిందట. వచ్చే ఏటికని ఉంచుకున్న చోటు ఈ ఏడే వదులుకోండని అడిగితే నలభై మంది తల్లులూ ఒప్పుకున్నారు. నేను అడిగి ఉంటే?

పంపిణీ రోజే కనిపెట్టిందట. ఆ కెయిడీ వేళ్లు ముడుచుకుని నించుందే, నీకు కనపడలేదూ, అంది. అప్పుడే ఎందుకు చెప్పలేదన్నాను. మేడమ్ నీ భుజం తడుతోంది కదే, మధ్యలో నేనెందుకు, పిల్లలు ఓ వారం ఓర్చుకుంటారులే అనుకున్నా, తప్పే, అంది. వెక్కిరింపేమో అని దాని మొహమంతా వెతికాను.

వెక్కిరించినా బాగుండేది.

గోతం ఒక కొస పట్టుకున్నాను. పట్టుకోమని అది అడగలేదు.

ఫిబ్రవరి 12

మేడమ్ ఫోన్. నీ లిస్ట్ పర్ఫెక్ట్, సోమవారం వచ్చి చేరిపో, అంది. జరిగిందంతా చెప్పాను. ఇవెత్ పేరు చెప్పాను. టైపింగ్ రాదుగా అంది. వారం ఇస్తే నేర్పుతానన్నాను. సరే, సోమవారం దాన్నే పంపు, అంది.

ఫిబ్రవరి 18

ఇవెత్ టౌన్‌కి ఆరింటి బస్సెక్కింది. దాన్ని సాగనంపడానికి రెండు వాడలూ రోడ్డు మీదే ఉన్నాయి. టైరు పేలిపోతే బాగుండు అనుకున్నాను.

పేలలేదు.