రజను పొట్లం

తిరుపతి,
మంగళవారం

సల్మా ఆపా,

నువ్వు బాగున్నావని నాకు తెలుసు. నేను బాగాలేనని నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను. ఫోన్ చేస్తే మీ నగరి మరమగ్గాల చప్పుడులో నా గొంతు నీకు వినపడదు. మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ ఒకటి పంపి చేతులు దులుపుకుంటావు. కాగితమైతే చచ్చినట్టు చదువుతావు.

అబ్బాజాన్‌తో వేగలేకపోతున్నాను. రేణిగుంట గిరిప్రసాద్ నీకు గుర్తుండే ఉంటాడు, మన మెకానిక్ షాపులో మాట్లాడితే పక్క షాపువాళ్లు ఉలిక్కిపడతారే, ఆయనే. చెన్నై దగ్గర ట్రాక్‌లో బైకు రేసుందని, తన బండి ఇంజను నెత్తిన మూతలా బిగించే రెండు హెడ్‌లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి బండితో వచ్చిందే. రెండోది పాత సామాన్ల అంగట్లో దొరికిందట, అదే కంపెనీ పెద్ద ఇంజనుది. గాలీ పెట్రోలూ ఇంజనులోకి పోయే దారి, అదే పోర్టు, అందులో చాలా పెద్దది. బొటనవేలు లోపల దూర్చి తిప్పుతూ, "సూడు నవాబ్ భాయ్, ఏలు ఎట్ట తిరగతా ఉండాదో! ఇదే పెట్టు. ఇంకా కోసి పెద్దది చెయ్" అన్నాడు.

ఆయనది చిన్న ఇంజను ఆపా. దానికి అంత దారి పెడితే గాలి బద్ధకంగా పోతుంది. నీళ్ల పైపు కొసను వేలితో నొక్కితేనే కదా నీళ్లు దూరంగా పడేది! ఆ ట్రాక్ నిండా మలుపులే. మలుపు దాటి లేవాల్సిన చోట బండి దగ్గుతూ కూర్చుంటుంది. అన్నం తినేటప్పుడు ఈ మాట చెబితే అబ్బాజాన్ "నిజమే బేటీ" అన్నాడు. తెల్లారి షాపులో గిరిప్రసాద్ ముందు మాత్రం "నీ ఇష్టం అప్పా, ఎట్ట చెప్తే అట్ట" అన్నాడు! నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మనిషి వెళ్లాక షాపులోనే గొడవ పెట్టుకున్నాను. నా నోటికి భయపడి, "సరే, చిన్న హెడ్డే చెయ్యి. వాడికి నేను సర్దిచెప్పుకుంటా" అన్నాడు.

చేశాను. కోయలేదు, పూడ్చాను. పోర్టు అడుగున వేడికి తట్టుకునే ఇపాక్సీ లప్పం నింపి, ఆరాక రుద్ది, దారిని ముందుకంటే సన్నంగా, తిన్నగా చేశాను. అద్దంలా మెరిపించలేదు. కాస్త గరుకుగా ఉంటేనే పెట్రోలు గోడకు అంటుకోకుండా గాలిలో కలుస్తుంది. నా చేతి మీదుగా ఇంత మంచి పని ఇదివరకు జరగలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, ఇంకెవరికి చెప్పుకోను?

అసలు తంటా అక్కడే వచ్చింది. మన షాపు పద్ధతి నీకు తెలుసు కదా. దర్జీ మిగిలిన గుడ్డ తిరిగి ఇచ్చినట్టు, హెడ్‌లో కోసిన అల్యూమినియం రజను పేపరులో చుట్టి గిరాకీ చేతికివ్వడం. పెళ్లికి ముందు ఆ పొట్లాలు కట్టింది నువ్వే. ఊళ్లో రైడర్లకు అదే కొలత. పొట్లం లావుగా ఉంటే పని బ్రహ్మాండం. నా హెడ్‌కు వచ్చిన రజను ఒక చిటికెడు. అది చూసి అబ్బాజాన్ తల పట్టుకున్నాడు. "ఇది చేతిలో పెడితే వాడు నన్ను కొడతాడు" అన్నాడు.

కాలేజీ వదిలినప్పటి నుంచి ఈ షాపులో హెడ్‌లన్నీ చేస్తున్నది నేను. గిరాకీలకు మాత్రం "మా పాప బిల్లులు రాస్తుంది" అని చెబుతాడు. ఈ ఒక్క హెడ్ నేను చేసింది చేసినట్టు రేసుకు పోతే చాలు. నా పేరు చెప్పకపోయినా పోనీలే అనుకున్నాను.

నీ మిస్బా

*

తిరుపతి,
ఆదివారం

ఆపా,

నీ జవాబు అందింది. "అబ్బాజాన్ పెద్దవాడు, సర్దుకుపో" అని రాయడానికి స్టాంపు ఖర్చు దేనికి? ఇది చదివి ఆ మాట మళ్లీ అను చూద్దాం.

నిన్న చంద్రగిరిలో చిన్నమ్మ వాళ్లింటి దావత్‌కు అమ్మీ నన్ను బలవంతాన లాక్కెళ్లింది. తిరిగి వస్తుంటే మన వీధి మలుపులో గిరిప్రసాద్ బండి ఆపి, జేబులోంచి పొట్లం తీసి చూపించాడు. పిడికిలంత ఉంది ఆపా! "సూడు పాపా, మీ నాయన ఎంత తీసినాడో! అందుకే ఎన్ని షాపులున్నా నేను మీ కాడికే వచ్చేది" అన్నాడు. అంత రజను రావాలంటే నేను నింపిందంతా పెరికి, దాని కింద లోహం కూడా గీకేసి ఉండాలి. నన్ను ఊరు పంపించి ఆ పని చేశాడు.

షాపుకు పోయి అడిగాను. అడగడమేంటి, అరిచాను. "నా పని ఎందుకు పాడుచేశావు? నాతో ఒక్క మాట అనాలని తోచలేదా?" అబ్బాజాన్ స్పానర్లు తుడుస్తూ నిలబడ్డాడే గానీ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. చివరికి "ముందు ఏమైనా తిను" అన్నాడు. తినాలట! దావత్‌లో బిర్యానీ తిని వచ్చినదాన్ని!

నీకు దాచిన మాట ఒకటుంది. చెన్నైలో ఒక రేసింగ్ వర్క్‌షాపు వాళ్లు నన్ను హెడ్ పనికి రమ్మన్నారు. ఇన్నాళ్లూ ఊగిసలాడాను. ఇప్పుడు ఊగడం అయిపోయింది. రేసు ముగిసిన వారం బయలుదేరతాను. అమ్మీకి నువ్వే చెప్పాలి. ఏడుస్తుంది, నాకు చేతకాదు.

మిస్బా

*

తిరుపతి,
శుక్రవారం

ఆపా,

అమ్మీకి ఇంకా చెప్పకపోతే చెప్పకు.

రేసులో గిరిప్రసాద్ తన తరగతి బళ్లన్నిటిలో మొదట వచ్చాడు. మలుపుల్లోంచి బండి తోసుకొచ్చిందని ఊరంతా చెప్పుకున్నాడట. ఆ గొప్పను ఒక స్నేహితుడికి చూపిద్దామని ఇంజను విప్పి, హెడ్ చేతిలో పట్టుకుని ఆ స్నేహితుడితో సహా ఈ మధ్యాహ్నం షాపుకు ఊడిపడ్డాడు. మొహం ఎర్రగా ఉంది.

"ఏంది నవాబ్ భాయ్ ఇది? సరే ఈ హెడ్డే పెట్టు, బెజ్జం పెద్దది చెయ్యమంటే పూడ్చిపెట్టినావే! మరి ఆ పొట్లం యాడిది?"

నేను లేచి చూశాను. నా ఇపాక్సీ, నా గరుకు, ఒక్క గీత కూడా మారలేదు. అబ్బాజాన్ ఆ హెడ్‌ను ముట్టుకోనే లేదు!

"అది వేరే బండిదప్పా" అన్నాడు అబ్బాజాన్, నేల చూపులు చూస్తూ. "పొట్లం సన్నంగా ఉంటే నువ్వు హెడ్డు ఇంకో షాపుకు ఎత్తకపోయి గుల్ల చేయిస్తావు. మంచి పని, పాడైపోతాదని అట్ట చేసినా. నా షాపులో గిరాకీకి అబద్ధం చెప్పింది అదే మొదలు."

అందుకట ఆ రోజు నోరు మెదపనిది. సిగ్గు! కూతురి పని కాపాడడానికి అబద్ధమాడానని కూతురికి చెప్పుకోవడానికి సిగ్గు! ఇన్ని రోజులు నాకు నిద్ర లేదు, తిండి లేదు. ఈ మనిషిని ఏం చేయాలో నువ్వే చెప్పు.

గిరిప్రసాద్ తిడతాడనుకున్నాను. ఆయన కాసేపు హెడ్‌ను అటూ ఇటూ తిప్పి, ఉన్నట్టుండి నవ్వాడు. "పోనీలే భాయ్, గెలిచినా గదా. అయినా ఇంత సన్న బెజ్జంతోనే గెలిస్తే, పెద్దది చేస్తే ఇంకెంత పోతాదో! ఈ పూడ్చిందంతా పెరికి బాగా కోసెయ్. పై నెల ఇంకో రేసుండాది."

నాకు తల బాదుకోవాలనిపించింది. మన అబ్బాజాన్ సంగతి తెలుసు కదా, గిరాకీకి కాదని చెప్పిన పాపాన పోలేదు. "ఎట్ట చెప్తే అట్ట అప్పా" అంటాడని కళ్లు మూసుకున్నాను. ఆ మాట రాలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుని, "నేను చెయ్యి పెట్టను. అది నా పని కాదు" అన్నాడు.

"నీది కాకుంటే ఎవరిది?"

"మిస్బాది. ఈడ హెడ్డు పనంతా ఆమెదే. ఆమెనే అడుగు."

గిరిప్రసాద్ నా వైపు తిరిగాడు. ఇన్నేళ్లలో నా వెనక గోడను కాకుండా నన్ను చూడడం అదే మొదలనుకుంటాను. "ఏమ్మా, చేస్తావా?" అన్నాడు, కొంచెం వెటకారంగా.

"చెయ్యనన్నా" అన్నాను. "కోస్తే మలుపులో చచ్చిపోతుంది మీ బండి. పెరికే పనైతే నా బల్ల మీద పెట్టొద్దు."

ఆయన షాపులో ఉండిపోయిన పెద్దదాంతో కలిపి రెండు హెడ్‌లూ సంచిలో వేసుకుని, "ఊళ్లో షాపులకు కరువా?" అని స్నేహితుడితో అంటూ వెళ్లిపోయాడు. చెప్పినట్టే ఎక్కడో గుల్ల చేయిస్తాడు. నా మంచి పని ఏ చెత్తబుట్టలోనో రజనై పడుతుంది.

ఆ స్నేహితుడి బండి శబ్దం దూరమయ్యేదాకా ఆగి, అబ్బాజాన్ "అంత మొహం మీద చెప్పాలా? టీ ఇచ్చి మెల్లగా చెప్పుండొచ్చు కదా" అన్నాడు. దాని మీద మళ్లీ పెద్ద గొడవైంది మా ఇద్దరికీ.

చెన్నై వాళ్లకు ఫోన్ చేసి రానని చెప్పేశాను. ఇన్నాళ్లూ ఈ షాపులో నేను చేసిన ప్రతి పనీ అబ్బాజాన్ పేరు మీద బయటికి పోయింది. ఈరోజు నా పేరు మీద ఒక గిరాకీ పోయాడు.

నీ చెల్లెలు,
మిస్బా