కొండమీది పిట్టగోడ

ఆదివారం, నంద్యాల.

చుట్టాలింటికని నల్లమల ఘాటు రోడ్డులో పోయాం. కొండపైన లోయ కనిపించే చోట కారు ఆపారు. మనవరాలు ఫోటో కోసం పిట్టగోడ ఎక్కి కూర్చుంది.

"దిగు పాపా, ఆ గోడ మంచిది కాదు" అన్నాను.

"ఏం కాదులే తాతా! నువ్వేమన్నా కట్టినావా ఏందీ?" అంది. అందరూ నవ్వారు.

కట్టింది నేనే. వయసులో ఉన్నప్పుడు. ఆ రోజు సిమెంటు లారీ రాలేదు. మేస్త్రీ తొందరపెట్టాడు. లోపలి రాళ్లు మట్టితో పేర్చి, పైపైన సిమెంటు పూశాను. అదేం చెప్పకుండా పాపను చెయ్యి పట్టి దింపాను, అంతే.

మేం బయలుదేరుతుంటే ఇంకెవరో పిల్లలతో వచ్చి అక్కడే కూర్చున్నారు...

రేపు రోడ్ల ఆఫీసులో చెప్పాలి. "నీకెట్ల తెలుసు పెద్దాయనా?" అంటారు.

ముందు పాపకు చెప్పాలి.