డబ్బాలో ఇనుప దిమ్మె

అన్నయ్యకి,

చెల్లెలు రాసేది. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నువ్వెలా ఉన్నావని మాటవరసకి అడగడం లేదు, నిజంగానే అడుగుతున్నాను.

అమ్మ మోకాలు తగ్గిందా అన్నావు. తగ్గింది. మెట్ల మీద నిలబడి నన్ను తిట్టేంత ఓపిక వచ్చింది. లేత్ పని విసుగనిపించడం లేదా అన్నావు. లేదు, మొన్నటిదాకా.

ఇక సముద్రం అడుగున పనికి నువ్వు పట్టుకెళ్లే లైటుకి నేను చేసిన డబ్బా సంగతి. ప్లాస్టిక్ మూత మధ్యలో గుండ్రంగా తెల్లమచ్చ ఉంది, తుడిచినా పోవడం లేదు, ఏమిటది అన్నావు. చదవగానే లేత్ ఆపేశాను.

పరీక్ష కోసం ఆ డబ్బాని పడవలోంచి తాడుతో సముద్రంలోకి దించాం కదా. ఖాళీది బెండులా తేలింది. మునగడానికి లోపల ఇనుప దిమ్మె పెట్టాం. తెలివి లేత్ షాపు బాబాయిది, చప్పట్లు కొట్టింది నేను. నీళ్లు నొక్కితే మూత వంగి దిమ్మె మీద ఆనుకుంది. మేమేమో ఎంత గట్టి మూతో అని మురిసిపోయాం! నీ మచ్చ ఆ దిమ్మె ముద్రే, మూతని విరగకుండా ఆపింది అదే.

నిన్న దాని జోడు డబ్బాని ఖాళీగా, దిమ్మె బయట కట్టి దించాను. నువ్వు దిగబోయే లోతులో సగం కూడా తాడు వదల్లేదు. చేతిలో ఒక్కసారి అదిరింది. పైకి లాగితే మూత ముక్కలు.

"ప్లాస్టిక్ మంచిది కాదేమోలే అమ్మాయ్" అన్నాడు బాబాయి.

"రెండు మూతలూ ఒకే పలకలోంచి నేనే కోశాను బాబాయ్! ఇంకొక్క మాటన్నావంటే నిన్నూ దించుతాను" అన్నాను. తాడు చుట్టడం మొదలుపెట్టాడు.

ఇంతవరకూ తక్కువ లోతు కాబట్టి అది నీ చేతిలో పగల్లేదు, బతికిపోయావు. ఈ ఉత్తరం సామాను పడవలో చేరేలోపే దిగేస్తావేమోనని మీ కంపెనీ ఆఫీసుకి పరుగెత్తాను. నువ్వున్న ఓడకి వైర్‌లెస్ కబురు అక్కడి నుంచే కదా. "ఇంట్లో చేసుకున్న డబ్బాల గొడవ మాకెందుకమ్మా?" అని గుమాస్తా నవ్వాడు. ఒళ్లు మండిపోయింది.

ఇక నువ్వు కోప్పడే మాట. "మా అన్నయ్య కర్ణభేరికి చిల్లు పడింది, దాచిపెట్టి దిగుతున్నాడు" అని చెప్పాను. పచ్చి అబద్ధం. వాడి నవ్వు ఆగిపోయింది. డాక్టరు చూసేదాకా నిన్ను దింపొద్దని నా ఎదుటే కబురు పెట్టాడు. ఆ లోతు పని కోసం నువ్వెంత ఎదురుచూశావో తెలుసు. మళ్లీ పిలుస్తారో లేదో నాకు తెలియదు.

డాక్టరు చెవి బాగానే ఉందంటాడు. అప్పుడు దిగమంటారు. దిగు, కానీ ఆ డబ్బాతో కాదు. ముందు దాని మూత నీ చేత్తోనే పగలగొట్టు. తర్వాత నా చెల్లెలు అబద్ధాలకోరని ఓడంతా చాటింపు వేసుకో. చాటడానికి నువ్వుంటే చాలు.

ఇట్లు,
నిన్ను ఒడ్డునుంచే కట్టిపడేసిన
నీ చెల్లెలు