సందు పట్టని నిచ్చెన

శీనన్నా,

నువ్వు ప్రాణం వదిలిన చూలై పేట సందు మొదట్లో ఇవాళ మన ఫైర్ స్టేషన్ కొత్త నిచ్చెన బండి ఆపాను. ఆయుధపూజకు పెట్టిన పసుపు కుంకుమ దాని అద్దం మీద ఇంకా చెరగలేదు.

నిచ్చెన లేపాలంటే బండికున్న ఇనుప కాళ్లు రెండు పక్కలా చాచి నేలకు ఆనించాలి. ఆ వెడల్పుకు వెదురుబొంగు కోసుకుని నువ్వు సందు సందూ కొలిచావు. "ఈడికి పొట్టి బండి చాలు సార్, కాళ్లు చాపేదానికి చోటుండాల గదా" అని పెద్దసారును బతిమాలావు. అది రాలేదు. ఈ సందులో ఒక మేడకు మంటలంటుకున్న రోజు నువ్వు మెట్లెక్కి పైకెళ్లావు. ఆ మెట్లు కూలిపోయాయి.

నీ తర్వాత అన్నిటికన్నా పొడుగైన బండి కొన్నారు. నిచ్చెన ఎంత పొడుగైతే కాళ్లకు అంత చోటు కావాలి. ఇవాళ డ్రిల్లులో అది సందులోకి తిరగనే లేదు. మేడ మీది ముసలామె అడిగింది.

"ఏంప్పా, మా ఇంటికాడికి రాదా?"

"రాదు పెద్దమ్మా."

"అట్లయితే మేమే దిగి ఆడికి రావాల్నా?"

నేను బండి వెనక్కి తీశాను.

నీ వెదురుబొంగు షెడ్డులోనే ఉంది. పూజనాడు దానికీ బొట్టు పెట్టారు. అది దేనికని ఎవరూ అడగలేదు.