విరవని బిళ్ళలు

అన్నా,

నీకిష్టమని ఫోన్లోని పాటల యాప్‌లో దాచుకున్న పాట నిన్న మాయమైంది. నీ కూతుర్ని అడిగితే, "తీసేసిన్రు బాబాయ్, మళ్ళొస్తది, ఫికర్ చెయ్యకు" అంది. ఎవరు తీశారంటే తనకూ తెలియదు. చెప్పకుండా పట్టుకుపోయేవాళ్ళు తిరిగి తెచ్చిస్తారా? నాకైతే నమ్మకం లేదు.

అబిడ్స్‌లోని నీ దుకాణంలో పాటలు రికార్డు చేయగానే క్యాసెట్ అంచునున్న రెండు ప్లాస్టిక్ బిళ్ళలూ చిన్న స్క్రూడ్రైవర్‌తో విరిచేసేవాడివి. ఇక దీనిమీద ఇంకేదీ ఎక్కదు, ఉన్నది చెరగదు అనేవాడివి.

ఇవాళ నువ్వు పోయిన తిథి. నువ్వు నవ్వుతూ మాట్లాడిన క్యాసెట్‌ను ఫోన్లోకి ఎక్కించి పారేద్దామంది నీ కూతురు. దాన్ని తిప్పి చూశాను. ఊరందరి క్యాసెట్లకూ బిళ్ళలు విరిచినవాడివి, దీనికి మాత్రం విరవలేదు.

"ఏం చేస్తున్నవ్ బాబాయ్?"

నీ చిన్న స్క్రూడ్రైవర్‌తోనే రెండూ విరిచాను.